రౌటర్ కొంటున్నారా? డబ్బా మీద రాసింది చూసి మోసపోకండి

ఇంటికి కొత్త వైఫై రౌటర్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఏ కంపెనీది కొన్నా మీరు ఇవన్నీ చూసుకోవాల్సిందే.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి), అడ్వాన్స్‌డ్ ఫైర్‌వాల్, పేరెంటల్ కంట్రోల్ అని ఉంటే చూసి తీసుకున్నాను. మొదటి రోజే కూర్చుని అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిచేది, మార్చాను, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేశాను, పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్ నంబర్‌తోనో వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ కూడా ఆపాను (ఆపాననే అనుకున్నాను, దాని సంగతి కింద చెప్తాను). మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు నెట్ మాటిమాటికీ పోతూ వస్తూ ఉంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. రౌటర్ వెనకాల చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కి పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. యాప్‌లో వైఫై పేరు, పాస్‌వర్డ్ మళ్లీ పెట్టించి, ఇక అంతా అయిపోయిందండీ అని ఫోన్ పెట్టేశారు.

కొంప మునిగింది అక్కడే. ఆ పిన్ను నొక్కితే నేను మార్చుకున్నవన్నీ చెరిగిపోయి ఫ్యాక్టరీ సెట్టింగ్స్ వచ్చేస్తాయి. అంటే అడ్మిన్ పేజీకి యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. దానికి తోడు ఈ మోడల్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి మన రౌటర్ పేజీ తెరవగలిగే సౌకర్యం, ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో వస్తుంది. ఫోన్‌లో మాట్లాడినాయన ఈ రెండింటి గురించీ ఒక్క ముక్క చెప్పలేదు, యాప్ కూడా అడగలేదు. వైఫై పాస్‌వర్డ్ వేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, ఒకటి మారిస్తే రెండోది మారదు, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు 60కి పైగా దగ్గర పెట్టుకుని, వాటినే ఒక్కొక్కటిగా కొట్టి చూస్తూ లక్షల కొద్దీ కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది.

మాకెలా తెలిసిందంటే, మా అమ్మ ఫోన్‌లో బ్యాంకు సైట్ తెరవబోతే ఈ కనెక్షన్ సురక్షితం కాదు అని వస్తోందని పిలిచింది. నా లాప్‌టాప్‌లోనూ అదే. వైఫై ఆపి మొబైల్ డేటా మీద తెరిస్తే మామూలుగానే తెరుచుకుంది, అంటే తేడా ఫోన్‌లో లేదు, బ్యాంకులో లేదు, మధ్యలో ఉన్న రౌటర్‌లో ఉంది. లోపలికెళ్లి చూస్తే డీఎన్ఎస్ దగ్గర నేనెప్పుడూ పెట్టని నంబర్లు రెండు కనిపించాయి. మనం సైట్ పేరు కొడితే అది ఏ అడ్రస్‌లో ఉందో చెప్పేది డీఎన్ఎస్, అది దొంగల చేతిలో పడితే మీరు సరైన పేరే కొట్టినా వాళ్లనుకున్న చోటికే వెళ్తారు. అమ్మ ఆ హెచ్చరిక చూసి అక్కడే ఆగింది కాబట్టి డబ్బు పోలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు, ఆ టెన్షన్‌లోనే మొబైల్ డేటా మీద అందరి పాస్‌వర్డ్‌లూ మార్చుకున్నాం.

ఇక డబ్ల్యూపీఎస్. యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, కానీ అది బటన్ నొక్కి కలిపే పద్ధతిని మాత్రమే ఆపుతుంది, పిన్ నంబర్‌తో కలిపే పద్ధతి అలాగే నడుస్తూ ఉంది. దాన్ని ఆపాలంటే బ్రౌజర్‌లో అడ్మిన్ పేజీ తెరిచి ఎక్కడో లోపలి మెనూలో వెతుక్కోవాలి. ఈ పిన్ ఎంత బలహీనమో 2011లోనే బయటపడింది. చూడ్డానికి ఎనిమిది అంకెలు, కానీ రౌటర్ దాన్ని రెండు సగాలుగా విడివిడిగా సరిచూస్తుంది, చివరి అంకె మిగతావాటి నుంచి లెక్క కట్టేది, కాబట్టి కోట్లలో ఉండాల్సిన ప్రయత్నాలు 11,000కి పడిపోతాయి. ఆ తర్వాత మీ వైఫై పాస్‌వర్డ్ ఎంత పెద్దదైనా ప్రయోజనం లేదు. నిజంగా ఆగిందో లేదో తెలియాలంటే ఫోన్‌లో ఒక వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి చూడండి, మీ నెట్‌వర్క్ పేరు పక్కన ఇంకా డబ్ల్యూపీఎస్ అని కనిపిస్తుంటే ఆగనట్టే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్, విషయం. అప్‌డేట్ నొక్కితే మీదే లేటెస్ట్ వెర్షన్ అంటుంది, తీరా తేదీ చూస్తే నేను కొనడానికి మూడేళ్ల ముందుది! కంపెనీకి రాస్తే ఆ హార్డ్‌వేర్ వెర్షన్‌కి సపోర్ట్ ఆపేశాం, కొత్త మోడల్ తీసుకోండి అని జవాబిచ్చారు. సపోర్ట్ ఆపేసిన వస్తువుని కొత్తదని ఎలా అమ్ముతున్నారని అడిగితే మళ్లీ జవాబు లేదు. వాపసు ఇచ్చే గడువు అప్పటికే దాటిపోయింది.

అందుకే కొనేముందు మోడల్ పేరుతో ఆగకండి, డబ్బా అడుగున లేబుల్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ ఉంటుంది, ఒకే పేరుతో వెర్షన్ 1, వెర్షన్ 2 అని లోపల పూర్తిగా వేరు వేరు చిప్‌లతో వస్తుంటాయి. ఆ వెర్షన్‌కి చివరి ఫర్మ్‌వేర్ ఏ తేదీన వచ్చిందో కంపెనీ డౌన్‌లోడ్ పేజీలో చూడండి. ఏడాదికి పైగా ఏమీ రాలేదంటే నేనైతే ముట్టుకోను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ ఆ వెర్షన్‌కి పనిచేస్తుందో లేదో కూడా వాళ్ల జాబితాలో చూసుకోండి, కంపెనీ చేతులెత్తేసిన రోజున అదొక్కటే దారి.

కొన్నాక ఆన్, ఆఫ్ గుర్తులు చూసి ఊరుకోకండి. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద మీ ఇంటి పబ్లిక్ ఐపీ అడ్రస్ (బయటి ఇంటర్నెట్‌కి మీ ఇల్లు కనిపించే నంబర్) కొట్టి చూడండి, రౌటర్ లాగిన్ పేజీ వచ్చిందంటే మీ తలుపు వీధిలోకి తెరిచే ఉంది. యూపీఎన్‌పీ ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే ఇంట్లో ఏ వస్తువైనా మిమ్మల్ని అడగకుండానే బయటికి పోర్ట్, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారి, తెరుచుకోగలదు. ఆపాక ఏదైనా గేమ్ ఆగిపోతే దానికి కావలసిన పోర్ట్ ఒక్కటే చేత్తో తెరుచుకోండి. కెమెరాలు, టీవీలు గెస్ట్ నెట్‌వర్క్‌లో, అంటే అదే రౌటర్‌లో విడిగా ఉండే రెండో వైఫైలో, పెట్టండి. పాత ఫోన్లు లేకపోతే పాత పద్ధతి డబ్ల్యూపీఏ2, కొత్త డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ వద్దు, డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టండి. ఎప్పుడు రీసెట్ చేసినా, ఎవరు చేయమన్నా, ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే, అందుకని నేను సెట్టింగ్స్ పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టుకున్నాను.

ఇదే అనుమానం ఉన్నవాళ్లు ఈ రాత్రికే డీఎన్ఎస్ నంబర్లు చూసుకోండి. 1.1.1.1, 8.8.8.8, 9.9.9.9 లాంటివి అందరికీ తెలిసినవే, భయం లేదు. ఏదో గుర్తులేని నంబర్ కనిపిస్తే అది మీ నెట్ కంపెనీదో కాదో వాళ్లనే అడగండి.

మా పిన్ని వాళ్లు ఆ పాత రౌటర్ ఊరికే పడి ఉంది కదా, మాకివ్వండి అని అడిగారు. ఇవ్వలేదు.