ఫిశాట్-2: చేపల పొడవుల నుంచి వేట ఒత్తిడిని లెక్కగట్టే ఉచిత సాఫ్ట్‌వేర్

తిరుపతిలో జంతుశాస్త్రం పీజీ విద్యార్థులకు చేపల నిల్వల అంచనా నేర్పడానికి నేను వాడుతున్న సాధనం, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ఉచితంగా అందించే ఫిశాట్-2. 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి వాకాడు, తడ వైపు తీరం కూడా వచ్చింది కనుక, రేవులో దిగే చేపను మా పిల్లలే కొలిచి లెక్క కట్టాలని నా పట్టుదల.

చల్లని సముద్రాల చేపలకు చెవిరాతి (చెవి లోపల పెరిగే చిన్న రాయి) వలయాలను బట్టి వయసు చెబుతారు. మన వెచ్చని నీళ్ళలో ఆ వలయాలు తరచుగా స్పష్టంగా ఏర్పడవు కనుక, నెలనెలా కొలిచిన పొడవులే ఆధారం. మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పాలీ రూపొందించిన ఎలిఫాన్ పద్ధతి ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం. ఉదాహరణకు కానగంతల (ఒక సముద్రపు చేప) పొడవులను సెంటీమీటరు తరగతులుగా ఎక్కిస్తే, చిన్న చేపల గుంపు నెలలు గడిచేకొద్దీ ఏ పొడవుకు చేరుతోందో పట్టుకుని, ఆ జాతి చేరగల సగటు గరిష్ఠ పొడవును (ఎల్-ఇన్ఫినిటీ), దాన్ని ఎంత వేగంగా సమీపిస్తుందో తెలిపే కె విలువను ఇది అంచనా వేస్తుంది. ఆపైన మొత్తం మరణాల రేటు కట్టి, నీటి ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకునే, పాలీ 1980లో ఇచ్చిన సూత్రంతో సహజ మరణాల రేటును లెక్కించి అందులోంచి తీసివేస్తే, మిగిలింది వేట వల్ల జరిగే మరణం. మొత్తంలో దాని వాటా 0.5 దాటితే వేట మితిమీరిందని సాధారణంగా భావిస్తారు.

ఆ 0.5 దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. ఎల్-ఇన్ఫినిటీ కాస్త పెరిగితే కె తగ్గుతుంది, దానితో తర్వాతి లెక్కలన్నీ కదులుతాయి. అయినా ఎలిఫాన్ దశలో ఫిశాట్ ఒక్కొక్క అంకె చూపుతుందే తప్ప, అది ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పదు. ఒక జాలరి పల్లె బతుకుతెరువును తాకే నిర్ణయానికి ఇది చాలదు. అందుకే ముందు పావెల్-వెదరాల్ పద్ధతితో ఎల్-ఇన్ఫినిటీ తేల్చి, తర్వాతే కె వెతకమని విద్యార్థులకు చెబుతాను. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవారు నేరుగా ఇవే లెక్కలు కట్టే దాని ప్యాకేజీ ట్రాప్‌ఫిష్‌ఆర్‌కు వెళ్ళడం మేలు.

ఫిశాట్ విండోస్‌లోనే నడుస్తుంది, రూపం పాతది. కోడు రాయనక్కర లేకుండా ప్రతి దశనూ కంటికి చూపడంలో మాత్రం నేర్చుకునేవారికి ఇది ఎంతో అనువుగా ఉంటుంది.

కొలతల విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ మనల్ని కాపాడలేదు. కన్నులన్నీ (రంధ్రాలన్నీ) ఒకే కొలతలో ఉన్న వలలో పడిన చేపలనే కొలిస్తే, చిన్నవీ బాగా పెద్దవీ లెక్కలోకి రావు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర బోట్ల వేట నిషేధం కనుక, ఆ నెలల్లో నాటు పడవలు తెచ్చే చేపలను విడిగా కొలిచి, వేరే పట్టికలో ఉంచాలి.