అమలాపురంలో కుట్టించిన లెగియా జెర్సీలు

అమలాపురంలోని ఒక క్రీడా దుస్తుల దుకాణంలో మా కుర్రాళ్ల జట్టుకు పోలండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లెగియా వార్సా జెర్సీలు చేయించాము. 1916లో, మొదటి ప్రపంచయుద్ధం సాగుతుండగా, వోలీనియా ప్రాంతంలో పోలిష్ లీజియన్ల సైనికులు స్థాపించిన ఈ క్లబ్బుకు పేరు కూడా ఆ దళాల నుంచే వచ్చింది. రెండో యుద్ధం తర్వాత చాలా ఏళ్లు సైన్యం క్లబ్బుగానే నడిచి, 1970లో యూరప్ ఛాంపియన్ క్లబ్బుల పోటీ అయిన యూరోపియన్ కప్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. దుకాణదారు ఇదంతా ఓపికగా విని, చిహ్నంలోని ‘ఎల్’ అక్షరాన్ని అచ్చు వేయకుండా దారంతో కుట్టించారు. ఆరు ఉతుకులైనా ఒక్క పోగు లేవలేదు.

వెనుక పదో నంబరు మాత్రం అంచుల్లో పగిలింది. సైనిక సేవకు పిలుపు రావడంతో లెగియాలో చేరి, 1972 ఒలింపిక్స్ ఫైనల్లో పోలండ్ తరఫున రెండు గోల్సూ కొట్టిన కాజిమియెజ్ దెయ్నా క్లబ్బులో ధరించిన అంకె అది కాబట్టి నాకు నిజంగా బాధ కలిగింది. చెప్పగానే పైసా అడగకుండా మళ్లీ వేసి ఇచ్చారు.