గ్రూప్-1 ఎస్సే పేపర్ టెస్ట్ సిరీస్: దిద్దేవాళ్లను బట్టే అంతా

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్-1 మెయిన్స్‌కి టెస్ట్ సిరీస్ (నమూనా పరీక్షలు) నడిపే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 2024 మెయిన్స్ ముందు నుంచీ రాస్తున్నాను. నాది తెలుగు మీడియం. ఫీజు, షెడ్యూలు, ఎన్ని టెస్టులు పెడతారు అనే వివరాలు ఎవరి పాంఫ్లెట్‌లో చూసినా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది కాపీ, అంటే మనం రాసిన జవాబు పత్రం, దిద్దడం గురించి. చదవడం ఇంట్లో కూర్చునీ చదువుకోవచ్చు, పాత పేపర్లు కమిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మనం డబ్బు కట్టేది మన రాత ఇంకొకరు చదివి, బాగున్నదేదో బాగాలేనిదేదో చెప్తారనే.

మొదట్లో జనరల్ ఎస్సే కాపీలు దిద్దింది రిటైరైన డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఒకాయన. పట్టణీకరణ సమస్యల మీద వ్యాసం ఇచ్చారు. కోచింగ్ నోట్స్‌లో చెప్పే పద్ధతిలోనే రాశాను: ముందు ఒక మహానుభావుడి సూక్తి, తర్వాత 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 31.16 శాతం, ఆపైన 74వ రాజ్యాంగ సవరణ, స్మార్ట్ సిటీలు, ముగింపులో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు. కాపీ తిరిగొచ్చేసరికి మొదటి పేరా మీద అడ్డంగా ఎర్ర గీత ఉంది. పక్కన మార్జిన్‌లో గుండ్రటి అక్షరాలతో, "ఇది ఏ వ్యాసానికైనా సరిపోతుంది. ఈ వ్యాసానికే ఎందుకు?" అని రాసి ఉంది. మూడో పేజీలో ఒక పేరా చుట్టూ గీసి, "ఇది తీసేస్తే ఏం పోతుంది?" అని అడిగారు.

వెళ్లి కలిస్తే ఆయన అన్న మొదటి మాట, "మూసీ పక్కన కూసొని రాస్తున్నవ్ కదా బిడ్డా, మూసీ ఏది?"

ఆ తర్వాత దాదాపు అరగంట నా కాపీ వెనక ఖాళీ పేజీ మీద బాణం గుర్తులు వేసుకుంటూ చెప్పారు. 1908 సెప్టెంబర్‌లో మూసీకి వరద. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. ఆ రెండు చెరువుల పరీవాహక ప్రాంతంలో కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో. ఇంత ముందుచూపు ఉన్న ఊళ్లోనే 2020 అక్టోబర్‌లో కాలనీలకు కాలనీలు ఎలా మునిగాయి? అక్కడ ఆగి, "ఇప్పుడు నీ 74వ సవరణ తీసుకురా" అన్నారు. ఆ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గవని చెప్పిన 18 అంశాల్లో పట్టణ ప్రణాళిక మొదటిది. మన దగ్గర మాస్టర్ ప్లాన్ చేసేది మాత్రం మున్సిపాలిటీ కాదు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండీఏ. నోట్స్‌లో బట్టీ పట్టిన సవరణకి అప్పుడు వ్యాసంలో పని దొరికింది. అంతకుముందు అది లెక్కకి ఒక పాయింట్, అంతే.

ఆ కాపీ ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరైనా రూమ్‌కి వచ్చి ఎస్సే ఎలా ప్రిపేర్ అవ్వాలి అని అడిగితే ముందు అదే తీసి చూపిస్తాను.

చేతిరాత సంగతీ ఆయనే పట్టించుకున్నారు. ఎస్సే పేపర్‌లో మూడు సెక్షన్లు, సెక్షన్‌కి ఒకటి చొప్పున మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి 1000 పదాలు. అంటే ఆలోచనకి టైమే తీసుకోకపోయినా నిమిషానికి 16, 17 పదాలు పడాలి. ఆ స్పీడులో తెలుగు రాస్తే మొదట పోయేవి ఒత్తులే. ‘రాష్ట్రం’, ‘శాస్త్రం’ లాంటి మాటల్లో కింది ఒత్తులు కలిసిపోయి పక్క లైన్ మీద పడతాయి. అలాంటి చోటల్లా ఆయన చిన్న సున్నా చుట్టేవారు. తప్పని కాదు, దిద్దేవాళ్ల కన్ను అక్కడ ఆగుతుందని. ఇంకో మాట కూడా అన్నారు. ఇంగ్లిష్‌లో నాలుగైదు మాటలయ్యేది మనకు ‘చేయలేకపోతున్నారు’ అని ఒక్క మాటలో అయిపోతుంది. కాబట్టి తెలుగులో 1000 పదాలు నింపాలంటే విషయం ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ మీడియం టాపర్ కాపీ చూసి ఇన్ని పాయింట్లు చాలులే అనుకుంటే మనకు రెండు పేజీల ముందే సరుకు అయిపోతుంది. తెలుగు మీడియం వాళ్లకి ఇది ముందే చెప్పేవాళ్లు చాలా తక్కువ.

అయితే ఆ అరగంట కూర్చోబెట్టి మాట్లాడటం బ్యాచ్ చిన్నగా ఉన్నన్నాళ్లే కుదిరింది. మూడో సెక్షన్‌లో సైన్స్ అంశాలు వస్తే సార్ భాష దిద్దేవారు కానీ విషయం జోలికి పెద్దగా వెళ్లేవారు కాదు. కృత్రిమ మేధ మీద రాసిన కాపీలో ఎర్ర ఇంకు దాదాపు లేదు. మార్కులు కూడా బాగా బిగపట్టి వేసేవారు కాబట్టి ఆ నంబర్లు చూసి మనం ఎక్కడున్నామో అంచనా వేసుకోవడం కష్టమే.

ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాక జనం ఒక్కసారిగా పెరిగారు. కొంతకాలానికి సార్ ఖమ్మంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడి నుంచి మొదలైంది నా బాధ. కాపీలు కట్టలు కట్టి బయటికి పంపడం మొదలుపెట్టారు. ఎవరు దిద్దుతున్నారో తెలియదు. ఒకసారి నేను వాతావరణ మార్పుల మీద రాశాను, నా రూమ్‌మేట్ బాలికల విద్య మీద రాసింది. రెండు కాపీలూ ఒకే రోజు వచ్చాయి. రెండింటి చివరా ఒకటే మాట: "మంచి ప్రయత్నం. డేటా చేర్చండి. ప్రజెంటేషన్ మెరుగుపరచండి." నా రెండో పేజీలోనే పారిస్ ఒప్పందం 2015, 1.5 డిగ్రీల లక్ష్యం, 2070 నాటికి భారత్ నెట్ జీరో హామీ అన్నీ ఉన్నాయి. ఆ పేజీ మీద ఒక టిక్కు కూడా లేదు. లోపలి పేజీలు తిప్పారో లేదో కూడా నాకు నమ్మకం లేదు. వెళ్లి అడిగితే, డౌట్లు ఉంటే గ్రూప్‌లో పెట్టమన్నారు. పెట్టాను, జవాబు రాలేదు.

దీనికి నాకు నిజంగా కోపం వచ్చింది. ఇక్కడ రాసేవాళ్లలో చాలామంది ఊళ్లో అమ్మానాన్నలు పంపే డబ్బుతో ఒక పూట మెస్సులో, ఒక పూట రూమ్‌లో తిని చదువుతున్నవాళ్లు. మూడు గంటలు వేళ్లు నొప్పి పుట్టేలా రాసిన కాపీని పది నిమిషాలైనా చదవాలి. ఆదిలాబాద్‌లో ఉండి ఆన్‌లైన్‌లో రాసే స్నేహితురాలి పరిస్థితి ఇంకా అన్యాయం. స్కాన్ చేసి పంపితే మార్కులు మాత్రం వస్తాయి, మార్జిన్‌లో ఏం రాశారో కనబడదు.

మరి ఇంకా ఎందుకు రాస్తున్నావంటే, హాల్ కోసం. పక్కన అందరూ పేజీలు తిప్పుతుంటే ఆ టెన్షన్‌లో మూడో వ్యాసానికి గంట మిగుల్చుకోవడం రూమ్‌లో ఒక్కదాన్నే కూర్చుంటే నాకు అలవాటు కాలేదు. దిద్దడం మాత్రం ఇప్పుడు మేం ముగ్గురం చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఒకరి కాపీ ఒకరం చూసుకుంటున్నాం. సార్ అడిగిన ఆ రెండు ప్రశ్నలే ప్రతి పేరా పక్కనా రాస్తాం. సార్ అంత లోతుగా మాకు రాదు, కానీ ప్రతి పేజీ చదువుతాం.

నేను ఇన్‌స్టిట్యూట్‌కి నడిచి వెళ్లే దూరంలో ఉంటాను, ఉద్యోగం లేదు, రోజంతా ఇదే పని. కాబట్టి నాకు పనికొచ్చింది అందరికీ పనికొస్తుందని చెప్పలేను. ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లయినా, జిల్లాల్లో ఉండేవాళ్లయినా చేరేముందు ఆ నెలలో దిద్దిన తెలుగు మీడియం కాపీ ఒకటి చూపించమనండి. టాపర్ కాపీ వద్దు, మామూలు కాపీ. మార్జిన్‌లో ఏం రాశారో చదివి అప్పుడు డబ్బు కట్టండి. నేనైతే వచ్చే నోటిఫికేషన్‌కి ఎస్సే పేపర్ టెస్టులకే కడతాను, మిగతా ఐదు పేపర్ల ప్యాకేజీ తీసుకోను.