ఫోకస్ చక్రం మీదే నా పేచీ: పులికాట్‌లో 8×42 బైనాక్యులర్స్

బైనాక్యులర్స్ కొనేవారు ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందనే అడుగుతారు గాని, కార్తీక మాసంలో పులికాట్ సరస్సు మీద ఎగిరే గద్దను వెంబడించాలంటే అంతకన్నా ముఖ్యం, దృశ్యం స్పష్టంగా కనిపించేలా తిప్పే ఫోకస్ చక్రం. కొన్నేళ్లుగా వాడుతున్న నా 8×42 జత (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) మీద మమకారం కలిగినదీ, ఇప్పుడు మనసు విరిగినదీ ఆ చక్రం వల్లనే.

నీటి మీద తేలే సూదితోక బాతులకు ఏ చక్రమైనా సరిపోతుంది. చిత్తడి నేలల మీద వేటాడే గద్ద మార్ష్ హారియర్ సంగతి వేరు. రెక్కలను కొద్దిగా పైకెత్తి, తుంగను ఒరుసుకుంటున్నంత తక్కువ ఎత్తులో అది మన వైపే వస్తుంది; దూరాన ఉన్నంతసేపూ చక్రాన్ని కదపనక్కరలేదు, దగ్గరవుతున్నకొద్దీ కొన్ని గజాలకొకసారి తిప్పవలసిందే. కొత్తలో ఈ చక్రం ఒక్క వేలికే వెన్నలా తిరిగేదని మిత్రులందరికీ చెప్పాను. పొడి వాతావరణం వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే.

నిరుడు వాన వెలిసిన ఒక ఉదయం, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పక్కన ఉప్పుగాలి ఇసుకను విసిరికొడుతోంది. (2022లో జిల్లాలు విడదీశాక ఈ వైపు మా తిరుపతి జిల్లాలోకే వచ్చింది, బస్సు ప్రయాణం మాత్రం అంతే దూరం.) ఉన్నట్టుండి బాతులన్నీ లేచాయి. ముదురు గోధుమ ఒళ్లు, మీగడ రంగు నెత్తి ఉన్న ఆడ హారియర్ నేరుగా నా వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే చక్రం కరకరమని సగంలో బిగుసుకుపోయింది. ఆ తరువాత నాకు కనిపించినది మసక మచ్చ మాత్రమే.

తిరుపతిలో కెమెరాలు బాగుచేసే ఆయన మూత విప్పి చూస్తే, గ్రీజులో సన్నని ఇసుక కలిసి బూడిదరంగు ముద్దగా పేరుకుని ఉంది. నీరు చొరబడదన్న హామీ అద్దాలున్న గొట్టాలకే గాని చక్రానికి కాదని కంపెనీవారు సమాధానమిచ్చారు. ఆ గొట్టాలలో ఇంతవరకు ఆవిరి పట్టలేదన్నదీ నిజమే. శుభ్రం చేయించాక చక్రం తిరుగుతోంది, అయినా ఒక చోట ఇంకా పట్టేస్తుంది. హారియర్లలోనే మరో జాతి అయిన పిల్లిగద్ద (పాలిడ్ హారియర్) ఆడదాన్ని దాని దగ్గరి జాతి నుంచి మెడ చుట్టూ ఉన్న లేత పట్టీతో గుర్తుపట్టవలసినప్పుడు ఆ ఆలస్యం ప్రాణం తీస్తుంది.

కళ్లజోడు పెట్టుకునే నాకు పూర్తి దృశ్యం కనబడే జత ఈ ధరలో మరొకటి దొరకలేదు కనుక దీనినే ఉంచుకున్నాను. తీరానికి దూరంగా, అడవుల్లో ఉన్న కల్యాణి డ్యామ్, తలకోన వైపు తిరిగేవారికి ఈ ఇబ్బంది ఎదురుకాకపోవచ్చు. పులికాట్‌కే తరచుగా వెళ్లేవారైతే కొనే ముందు చక్రం లోపలికి ఇసుక చేరకుండా ఏ ఏర్పాటు ఉందో దుకాణంలోనే గట్టిగా అడగాలి.