బాలిలో వాల్ డైవ్: తులంబెన్ ఒడ్డు నుంచా, మెంజాంగన్ పడవ మీదా?

అండమాన్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో తొలి మెట్టు) పూర్తిచేసి బాలికి టికెట్లు తీసుకున్నవాళ్లు దాదాపు అందరూ అడిగేది ఇదే: మొదటి వాల్ డైవ్, అంటే సముద్రంలో నిలువు గోడ పక్కన చేసే డైవ్, తులంబెన్ ఊరి ఒడ్డు నుంచి చేయాలా, పడవెక్కి మెంజాంగన్ దీవికి వెళ్లి చేయాలా?

అందం ఒక్కటే చూస్తే మెంజాంగన్‌కే ఓటు. పశ్చిమ బాలి నేషనల్ పార్కులోని ఈ దీవికి లబువాన్ లాలాంగ్ నుంచి పడవలో అరగంట. రీఫ్ (పగడాల దిబ్బ) అంచు దాటగానే నిలువు గోడ, దాని నిండా విసనకర్రల్లా విచ్చుకున్న గోర్గోనియన్లు అనే పగడాలు. నీళ్లూ తేటగా ఉంటాయి. తులంబెన్‌లో నల్ల ఇసుక, ఒక్కోరోజు నీళ్లు మసక.

అయినా మొదటి వాల్ డైవ్‌కి నా మాట తులంబెనే. గోడ పక్కన ఈదేటప్పుడు కింద నేల కనిపించదు, అంతా నీలమే. తెలియకుండానే దిగిపోతుంటాం. ఓపెన్ వాటర్ కోర్సుతో మీ హద్దు 18 మీటర్ల లోతు. తులంబెన్‌లో డ్రాప్ ఆఫ్ అనే గోడ 60 మీటర్ల దాకా పోతుంది. కానీ ఒడ్డు నుంచి వెళ్తే ముందు ఇసుక వాలు మీదుగా మెల్లగా దిగుతారు. చెవి పట్టేస్తే కాస్త పైకొచ్చి సర్దుకోవచ్చు, తొందరపెట్టేవాళ్లుండరు. తిరిగొచ్చేటప్పుడు అదే వాలు మిమ్మల్ని పైకి తెస్తుంది; 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చేముందు కాసేపు ఆగడం) చేపలు చూస్తూ గడిచిపోతుంది. తనివి తీరకపోతే మధ్యాహ్నం మళ్లీ అదే గోడకి వెళ్లొచ్చు. పడవలో అది కుదరదు: రెండు డైవ్‌లు, మధ్యలో భోజనం, ఇక తిరుగు ప్రయాణమే.

తులంబెన్‌లో అసలు ఇబ్బంది రాళ్లు. ఒడ్డంతా గుండ్రాళ్లు, అల వస్తే కాలికింద దొర్లుతాయి. గట్టి అడుగున్న బూట్లు, వాటిమీద తొడిగే ఫిన్స్ (ఈతరెక్కలు) ఉండాల్సిందే. ఫిన్స్ చేత్తో పట్టుకుని నడుము లోతు దాకా నడిచి అక్కడ తొడుక్కోండి. రెగ్యులేటర్ (గాలి పీల్చే గొట్టం) మాత్రం పొడినేల మీదికి వచ్చేదాకా నోట్లోంచి తీయొద్దు. బయటికొచ్చేటప్పుడు మోకాళ్ల మీద పాకినా ఫర్వాలేదు, ఎవరూ నవ్వరు. పొద్దున్నే వెళ్తే అలలు సాధారణంగా తక్కువ. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం నా సలహా పక్కనపెట్టి పడవే ఎక్కండి.

అదే ఒడ్డున నీళ్లలో మునిగిన లిబర్టీ అనే ఓడ కూడా ఉంది. 1942లో జపాన్ టార్పెడో తగిలి ఒడ్డుకు చేరింది, 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారింది.

తులంబెన్ దగ్గర్లోని ఆమెడ్‌లో బస చేస్తే అక్కడి జెమెలుక్ గోడ చాలు. నూసా పెనీడా దీవి దగ్గరి సముద్ర ప్రవాహాలు మొదటిసారికి వద్దు.

రెండూ చూడాలనుకుంటే ముందు తులంబెన్, తర్వాత సింగరాజ మీదుగా పెముతెరాన్, అక్కడి నుంచి మెంజాంగన్. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి కాబట్టి టికెట్ ఆ లెక్కన చూసుకోండి.