చేతిపని వెండి అని ఇత్తడి అంటగట్టింది, జాగ్రత్త

విజయవాడ ఎగ్జిబిషన్లలో డిజైనర్ నగలు కొనేవాళ్ళు ఒకసారి ఇది చదవండి. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి అమ్మినామె పేరు రాయడం లేదు.

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కని ఎం.జి. రోడ్డులో ఒక హాల్లో స్టాల్ పెట్టినామె దగ్గర హారం, జుంకాలు ఆర్డర్ ఇచ్చాను. 92.5 శాతం వెండి మీద బంగారు పూత, చేత్తో చెక్కిన నకాషీ పని, కెంపులు చేత్తో పొదిగినవి, ఇలాంటిది ఇంకొకటి ఎక్కడా దొరకదు అంది. ఆమె గీసిన స్కెచ్‌లు చూసి పడిపోయాను (అవి మాత్రం నిజంగా బాగున్నాయి, ఒప్పుకోవాలి). మొత్తం 18,500, సగం అప్పుడే ఫోన్‌పే చేశాను. 3 వారాలంది, 7 వారాలకి, ఫంక్షన్ ఇంకో రెండు రోజులుందనగా పంపింది. తెల్ల కాగితం మీద "ఆర్ట్ జ్యువెలరీ సెట్ 1" అని బిల్లు, బరువు లేదు, జీఎస్‌టీ నంబర్ లేదు. ఆ టెన్షన్‌లో మిగతా డబ్బూ కట్టేశాను, అక్కడే బుద్ధి గడ్డి తిన్నది.

ఫంక్షన్ రోజు రాత్రికే పాప చెవి తమ్మెలు పచ్చబడ్డాయి. 92.5 వెండిలో మిగతా 7.5 శాతం మామూలుగా రాగే కదా, అందుకేనేమో అని సర్దిచెప్పుకున్నాను. కానీ మనసొప్పక, వన్‌టౌన్‌లో మా అమ్మవాళ్ళు ఎప్పుడూ వెండి కొనే షాపు బాబాయికి చూపించాను. ఆయన జుంకాలు రెండూ పక్కపక్కన పెట్టి, "అమ్మాయ్, ఇటు చూడు" అన్నారు. రెండిట్లోనూ అదే రేకు మీద, అదే చోట, అదే చిన్న గుంట. చేత్తో చెక్కితే జతలో కాస్తయినా తేడా వస్తుందట, ఒకే తప్పు రెండిట్లో ఉందంటే అచ్చులో పోసినవే. వెనక గీసి యాసిడ్ చుక్క వేస్తే పచ్చగా పొంగింది. ఇత్తడి! కెంపులు పొదిగినవి కాదు, గమ్ముతో అంటించినవి. "ఇంతకంటే చిలకలపూడి సరుకు నయం, కవరింగ్ అని చెప్పే అమ్ముతారు" అన్నారాయన. నిజమే, కవరింగ్ రేటుకి కొని ఉంటే నాకు మాత్రం ఏం బాధ?

ఫోన్ చేస్తే, "మీరు లోహం కొనలేదు మేడమ్, ఆర్ట్ కొన్నారు" అంది, మర్నాటికి బ్లాక్ చేసింది.

కాబట్టి డబ్బు కట్టకముందే బిల్లు మీద బరువు, వెండి శాతం రాయించుకోండి, నిజంగా చేతిపని చేసేవాళ్ళు దీనికి మొహం మాడ్చుకోరు. ఊరికే 925 అని కొట్టి ఉంటే అది హాల్‌మార్క్ అనుకోకండి, బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తుండాలి. వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కానీ 2025 సెప్టెంబర్ 1 నుంచి వేసే హాల్‌మార్క్‌లో ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకి విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అయస్కాంతం పెట్టి చూశాం అనేవాళ్ళకి ఒక మాట, ఇత్తడి కూడా దానికి అంటుకోదు.

నేను 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు లేదు. ఆమె వచ్చే వారం గుంటూరు బ్రాడీపేటలో స్టాల్ పెడుతోందని మా పిన్ని చెప్పింది. వెళ్ళేవాళ్ళు జుంకాలు రెండూ తిరగేసి, పక్కపక్కన పెట్టి చూడండి. ఇప్పటికే ఇలా మోసపోయినవాళ్ళుంటే బిల్లు దాచి నాకు చెప్పండి, కలిసే వెళ్దాం.