క్యాప్‌కామా, ఎస్ఎన్‌కేనా: నాణెం ఎవరి డబ్బాలో వేయాలి?

తొంభైల చివర్లో, రెండు వేల తొలినాళ్లలో మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల్లో తిరిగినవాళ్లకు ఈ కంపెనీల పేర్లు తెలియకపోవచ్చు గానీ ఆటలు మాత్రం తెలుసు. డైనోసార్ల మధ్య కార్లో దూసుకెళ్లే ‘ముస్తఫా’ క్యాప్‌కామ్‌ది. ‘మెటల్ స్లగ్’, ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97’ ఎస్ఎన్‌కేవి. రెండూ జపాన్‌లోని ఒసాకాలో పెరిగిన కంపెనీలే. ఎస్ఎన్‌కేని 1978లో ఎయికిచి కవాసాకి పెట్టారు. క్యాప్‌కామ్ 1983లో కెంజో త్సుజిమోటో చేతుల మీదుగా ఆ పేరుతో నిలబడింది.

వీటిలో ఏది మేలు అంటే, ఎవరికి అని ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

షాపు ఓనరు వైపు నుంచి చూస్తే నా ఓటు కళ్లు మూసుకుని ఎస్ఎన్‌కేకే. 1990లో అది నియో జియో ఎంవీఎస్ అనే షాపు గేమ్ యంత్రం తెచ్చింది. అంతవరకూ సాధారణంగా కొత్త ఆట కావాలంటే లోపలి బోర్డు మొత్తం కొనాలి. పాత ఆటకు జనం తగ్గితే ఆ బోర్డు మూలన పడేది. ఎంవీఎస్‌లో బోర్డు అలాగే ఉంటుంది, క్యాసెట్ మారిస్తే ఆట మారిపోతుంది. పెద్ద మోడల్లో ఆరు క్యాసెట్ల దాకా పెట్టొచ్చు. ఒకే డబ్బా, ఆరు ఆటలు. ఇరుకు షాపువాడికి ఇంతకన్నా ఏం కావాలి? లాటిన్ అమెరికాలో, చైనాలో ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’ అంతగా పాతుకుపోవడానికి ఈ లెక్క కూడా ఒక కారణమే.

క్యాప్‌కామ్ దారి వేరు. దాని సీపీఎస్-1 బోర్డు 1988లో వచ్చింది. ఆ బోర్డు మీదే 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ వచ్చి ప్రపంచమంతా ఊపేసింది. ఊపేసిందంటే దొంగ బోర్డులు కూడా పుట్టాయని అర్థం. గాల్లోకి ఎగిరి ఫైర్‌బాల్ వేయడం, ఆట మధ్యలో మనిషి మారిపోవడం, ఇవన్నీ ఆ దొంగ సరుకు చేసిన చిత్రాలే. అలాంటి వాటి జోరు చూశాకే కంపెనీ తానూ వేగం పెంచి 1992లో ‘హైపర్ ఫైటింగ్’ వదిలింది. దొంగను చూసి దొర నేర్చుకున్నాడన్నమాట. మరుసటి ఏడు సీపీఎస్-2 బోర్డుకు గట్టి తాళం వేసింది. ఆ తాళపు కోడ్ లోపలున్న చిన్న బ్యాటరీ బలంతో నిలుస్తుంది. బ్యాటరీ అయిపోతే కోడ్ చెరిగిపోయి బోర్డు మూగబోతుంది. డబ్బు పోసి కొన్నవాడికి ఇది అన్యాయం కాక మరేమిటి? ఈ విషయంలో క్యాప్‌కామ్‌ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు.

ఇక కంపెనీ బతుకు సంగతి. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. ఎస్ఎన్‌కే అదే నియో జియోని ఇంటికీ అమ్మింది. షాపులో ఆడిన ఆటే, అదే నాణ్యతతో ఇంట్లో. మెమరీ కార్డు జేబులో వేసుకుంటే షాపులో ఆపిన చోటు నుంచి ఇంట్లో కొనసాగించొచ్చు. ఆలోచన అద్భుతం, ధర మాత్రం అమెరికాలో 650 డాలర్లు. ఒక్కో క్యాసెట్ ధర దాదాపు 200 డాలర్లు. కొన్నది గొప్పింటి పిల్లలే. అదే రోజుల్లో క్యాప్‌కామ్ తన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ని నింటెండో పెట్టెకు మార్చి 1992లో అమ్మితే 60 లక్షలకు పైగా కాపీలు పోయాయి. షాపులోని ఆటంత బాగుండదని పెదవి విరిచినవాళ్లూ కొన్నారు. క్యాప్‌కామ్‌కీ సొంత డబ్బా మోజు లేకపోలేదు. 1994లో జపాన్‌లో ఒకటి అమ్మి చూసింది, ఆడలేదు, వదిలేసింది. 1996లో ‘రెసిడెంట్ ఈవిల్’తో ప్లేస్టేషన్ ఇళ్లలో తిష్ఠ వేసింది.

ఎస్ఎన్‌కే వదల్లేకపోయింది. 1997లో త్రీడీ కోసం తెచ్చిన హైపర్ నియో జియో 64 నిలబడలేదు. చేతిలో పట్టుకునే బుల్లి గేమ్ నింటెండో ముందు ఆగలేదు. 2000లో ఎస్ఎన్‌కే అరూజ్ అనే కంపెనీ చేతికి వెళ్లింది, 2001లో దివాలా తీసింది. కవాసాకి మరో కంపెనీ పెట్టి పాత ఆటల హక్కులు వెనక్కి కొనుక్కున్నారు. ఇప్పుడు ఎస్ఎన్‌కేలో దాదాపు వాటా అంతా సౌదీ అరేబియాలోని మిస్క్ ఫౌండేషన్‌కి చెందిన కంపెనీదే.

ఆటగాడికి? ముఖాముఖి ఫైటింగ్‌లో తూకం క్యాప్‌కామ్‌దే. ‘స్ట్రీట్ ఫైటర్’ హీరో ర్యూ చేతిలో ఓడితే తప్పు మనదనిపిస్తుంది. ఎస్ఎన్‌కే ఆఖరి బాస్‌ల చేతిలో ఓడితే నాణెం కాజేశారనిపిస్తుంది. కానీ బొమ్మల పనితనంలో ‘మెటల్ స్లగ్’కి నేను సాటి చూడలేదు. ట్యాంకు ఆగినప్పుడు కూడా ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంది.

ఇంత పోటీలోనూ మనుషులు మాత్రం అటూ ఇటూ తిరిగారు. 1987 నాటి మొదటి ‘స్ట్రీట్ ఫైటర్’ తీసిన తకాషి నిషియామా ఎస్ఎన్‌కేకి వెళ్లి ‘ఫేటల్ ఫ్యూరీ’ చేశారు. తర్వాత డింప్స్ అనే కంపెనీ పెట్టుకున్నారు. ‘స్ట్రీట్ ఫైటర్ 4’ తయారీలో క్యాప్‌కామ్‌కి తోడుగా పనిచేసింది ఆ డింప్సే. ఎకసెక్కాలకూ లోటు లేదు. ఎస్ఎన్‌కే హీరో ర్యో సకజాకి తమవాళ్లకు నకలులా ఉన్నాడని కాబోలు, క్యాప్‌కామ్ అతన్ని వెక్కిరిస్తూ డాన్ అనే చేతకాని పాత్రను సృష్టించింది. 2024లో ఎస్ఎన్‌కే ‘ఫేటల్ ఫ్యూరీ’ హీరో టెర్రీ బోగార్డ్ దర్జాగా ‘స్ట్రీట్ ఫైటర్ 6’లోకి నడిచొచ్చాడు.

ఇప్పుడు ఆ పాత ఆటలు డబ్బు పెట్టి కొనుక్కుని ఆడదామనుకునే తెలుగువాడికి నేను ముందు ఎస్ఎన్‌కేనే చెబుతాను. నియో జియో ఆటలు స్విచ్‌లో, ప్లేస్టేషన్‌లో విడివిడిగా దొరుకుతున్నాయి, నచ్చినది ఒక్కటే తీసుకోవచ్చు. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని మూటగట్టి అమ్మింది. మనం వెతికే ‘ముస్తఫా’ అందులో లేదు. దాని అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’, ఒక అమెరికన్ కామిక్ ఆధారంగా 1993లో చేసింది. కథ, మనుషులు బయటివాళ్ల సొత్తు కావడంతో హక్కుల చిక్కు ఉంది, ఇంటి కన్సోళ్లకు అది రానేలేదు.